గడి నిండని వేళ



పత్రికలలో అచ్చుపడు విషయములన్నిటిలోను, చదువు నేర్చినవానిని, తీరిక గలవానిని, తన మాతృభాష తనకు చక్కగా వచ్చునని నమ్ముకొన్నవానిని, జానెడు చోటులో గీచిన నలుపు తెలుపు గళ్ళముందు ఒక పూటంతయు కదలనీయక కూర్చుండబెట్టగల శక్తి గళ్ళనుడికట్టునకు ఉన్నట్లు మఱిదేనికిని లేదు. కథ నచ్చకున్న పుట త్రిప్పుదుము. వ్యాసము కొఱుకుడుపడకున్న ప్రక్కన పెట్టుదుము. వార్త యెంత వేడిదైనను తెల్లవాఱుసరికి చల్లారును. అడ్డము పదములు, నిలువు పదములు అన్నియు పూర్తియై, ఒక్కటి మాత్రము తన మొదటి అక్షరమును చూపించి తక్కిన గళ్ళను తెల్లగా తెఱచి యుంచినప్పుడు, ఆ తెల్లని గళ్ళు భోజనపు పీటదాక వెంట వచ్చును. సంతకు పోయిన సంతకు వచ్చును. ఎదుట కూర్చుండి మాటలాడుచున్న బంధువు మాటలకు నడుమ అడ్డుపడి, ‘నా సంగతి యేమి చేసితివి?’ యని అడుగును.

ఈ సాయంకాలము నేను ప్రసంగింపబూనినది ఆ నిండని గడిని గూర్చియే. అది పెట్టు యాతన, అది నిండినప్పుడు కలుగు హర్షము, ఈ రెండును వేఱువేఱు వస్తువులు కావనియు, రెండింటికిని ఒక్కటే మూలము కలదనియు, ఆ మూలము నుడికట్టును కూర్చు కూర్పరి పాటించు నిజాయితీయే యనియు నేను చాలకాలమునుండి నమ్ముచున్నాను. మోసగించుటయే పనిగా పెట్టుకొన్నవానికి నిజాయితీ యెక్కడిదని శ్రోతలు శంకింపవచ్చును. ఆ శంకకు సమాధానము చెప్పుటయే నా ప్రయత్నము.

ఈ వినోదము పడమటినుండి వచ్చినదన్న మాట నిజమే. 1913 డిసెంబరు 21వ తేదీ ఆదివారమున న్యూయార్క్ వరల్డ్ పత్రికలో, లివర్‌పూలున పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు వజ్రాకారముగా గీచి ప్రకటించిన గళ్ళపట్టికయే నేటి నుడికట్లన్నిటికిని మూలపురుషుడు. పదేండ్లు దాటుసరికి అది ఆ దేశమును కమ్ముకొన్నది. అమెరికా దీనికి బానిసయై పోయినదని 1924లో ఈసడించిన లండను టైమ్స్ పత్రిక, 1930 ఫిబ్రవరి 1న తన పుటలలో తానే దానికి పీట వేసినది. చరిత్ర యింతమాత్రము చాలును.

కాని, మాటలో మాటను దాచి, ఎదుటివాని బుద్ధిని పెడత్రోవ పట్టించి, తుదకు తాను చెప్పినదంతయు సత్యమేనని వానిచేతనే ఒప్పించు విద్య మనకు క్రొత్తది కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అఱువదినాలుగు కళలలో ప్రహేళిక యొకటి. మా తిరువళ్ళూరు జిల్లాకు పొరుగుననే యున్న కంచిలో, పల్లవుల యేలుబడిలో నివసించెనని పెద్దలు చెప్పు దండి, తన కావ్యాదర్శము మూడవ పరిచ్ఛేదమున పదునాఱు విధములైన ప్రహేళికలకు లక్షణములు చెప్పినాడు. పదములు సంధిలో కలిసిపోయి అర్థమును మఱుగుపఱచునది సమాగత. వాడుకలోనున్న అర్థమును విడిచి వేఱొక అర్థమున మాటను ప్రయోగించి వంచించునది వంచిత. లెక్కయే భ్రాంతికి కారణమగునది సంఖ్యాత. ఈ సంఖ్యాతకు ఆయన యిచ్చిన ఉదాహరణమును తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒడలు పులకరించును. ఒక పురము గలదట; దాని నడుమ అనునాసికము, చుట్టును నాలుగు వర్ణములు; అచ్చటి రాజుల పేరునకు వర్ణములెనిమిది. ఇది విన్నవాని మనస్సు ఎచ్చటికి పోవును? నాలుగు వర్ణముల జనులు చుట్టును కాపురమున్న యొక మహానగరమును ఊహించుకొనును. ఆ ఊహలో తప్పేమియు లేదు. కాని దారి అది కాదు. వర్ణమనగా ఇచ్చట అక్షరధ్వని. కాంచీ యను పేరును విడదీసి చూడుడు: కకారము, ఆకారము, నడుమ ఞకారము, పిదప చకారము, ఈకారము. నడుమ ముక్కుతో పలుకు ధ్వని యొకటి, దానికి ఇరుప్రక్కలను నాలుగు. రాజులు పల్లవులు, పల్లవాః అను సంస్కృతరూపమును విసర్గతో కూడ లెక్కపెట్టిన సరిగా ఎనిమిది.

కంచిలో కూర్చుండి, కంచివారియెదుట, కంచినే దాచిపెట్టిన యీ పండితుని చాతుర్యమును నేటి యే కూర్పరి మించగలడు? ఆయన అసత్యము ఒక్కటియు పలుకలేదు. నాలుగు వర్ణములన్నాడు, ఉన్నవి. ఎనిమిదన్నాడు, ఉన్నవి. మనము పొరబడినచో ఆ పొరబాటు మన తొందరలోనిదే కాని ఆయన మాటలోనిది కాదు. కష్టమైన నుడికట్టునకు ఉండవలసిన ధర్మమంతయు ఆ యొక్క ఉదాహరణములో కలదు.

ఇట్టి ప్రహేళికలు గోష్ఠీవినోదములకే గాక, పలువురు గుమికూడిన చోట తెలిసినవారు తమలో తాము రహస్యముగా ఆలోచన చేసికొనుటకును ఉపయోగపడునని దండి చెప్పియున్నాడు. ఈ రెండవ ఉపయోగము కవిసమయము కాదని లోకమునకు తెలియుటకు పండ్రెండు శతాబ్దములకు పైగా పట్టినది. 1942 జనవరిలో లండనునందలి డైలీ టెలిగ్రాఫ్ కార్యాలయమున పండ్రెండు నిమిషముల గడువు విధించి నడపిన నుడికట్టు పోటీలో పాల్గొన్నవారిలో కొందఱకు, అటుపిమ్మట యుద్ధశాఖనుండి రహస్యముగా పిలుపు వచ్చినది. శత్రువుల సంకేతలిపులను ఛేదించుచున్న బ్లెచ్‌లీ పార్కున వారికి ఉద్యోగములు సిద్ధమై యుండెను. పైకి కనబడు అర్థమును నమ్మక, అక్షరము వెనుక అక్షరమును తడవి చూచు అలవాటు, ఆటలో అబ్బినది యుద్ధములో అక్కఱకు వచ్చినది.

ఇక తెనుగు మాటకు వత్తును. మన పత్రికలలో ఈ ప్రక్రియకు గౌరవము తెచ్చినవారిలో ఇద్దఱు మహాకవులు గలరు. శ్రీశ్రీ కూర్చినవి పదబంధ ప్రహేళికలుగాను, ఆయనకు మేనల్లుని వరుసయైన ఆరుద్ర కూర్చినవి గళ్ళనుడికట్లుగాను పాఠకలోకమున ప్రసిద్ధికెక్కినవి. ఇరువురును చలనచిత్రములకు పాటలు వ్రాయుచు మదరాసులో కాపురముండినవారే. మహాప్రస్థానము వ్రాసిన చేయి, గళ్ళకు ఆధారములు వ్రాయుటను చిన్నతనముగా భావింపలేదన్న సంగతిని, దీనిని పొద్దుపోక చేయు పనిగా తలచువారు ఒకింత ఆలోచింపవలెను. శబ్దముతో ఆడుకొననివాడు శబ్దమును ఏలజాలడు. మన అవధానములలో న్యస్తాక్షరి యని యొకటి కలదు: ఫలానా పాదమున ఇన్నవ చోట ఈ అక్షరము పడవలెనని పృచ్ఛకుడు నిర్బంధించును, అవధాని ఆ నిర్బంధమునకు లోబడి పద్యము చెప్పును. గడిలో ముందే వ్రాసియున్న అక్షరమునకు ఒదిగి పదమును తెచ్చి కూర్చువాడు చేయుచున్నది ఆ పనికి తోబుట్టువే.

తెనుగు గడికి ఒక ప్రత్యేకమైన కాఠిన్యము గలదు. రోమను లిపిలో గడికి ఒక్క హల్లో, ఒక్క అచ్చో పట్టును. మన గడిలో గుణింతముతో, ఒత్తుతో, అనుస్వారముతో కూడిన సంపూర్ణాక్షరము కూర్చుండును. క యను గడిలో కి నిలువదు, కిం నిలువదు, క్ష నిలువదు. అందుచేత అడ్డము పదమును నిలువు పదమును కలియు చోటు తెనుగులో మిక్కిలి బిగువైనది. కూర్పరికి ఆ బిగువు పెద్ద సంకటము. పూరించువానికి మాత్రము అది మేలుగా పరిణమించును; దొరికిన అక్షరమొక్కటియే వేలకొలది పదములను తోసివేసి, పదింటినో ఇరువదింటినో మిగుల్చును. దండి లెక్కలో అయిదు వర్ణములైన కాంచి మన గళ్ళలో రెండింటనే ఇముడును.

కాగితము, పెన్సిలు దగ్గఱనున్న శ్రోతలు నాతోపాటు ఒక చిన్న మూలను గీచుకొనవచ్చును. అడ్డముగా నాలుగు గళ్ళు వేయుడు. మొదటి గడిలో ముగియునట్లు పైనుండి మూడు గళ్ళ నిలువు పదము. మూడవ గడిని తాకుచు, ఆ గడియే తనకును మూడవదిగా, పైనుండి నాలుగు గళ్ళ నిలువు పదము. మొదటి నిలువునకు ఆధారము ఇట్లున్నదనుకొందము: “కలపను త్రిప్పి కోయగా బడిపిల్లవానికి దక్కినది.” అడ్డమునకు: “స్వప్నమున దేవుడిచ్చినది, మేల్కొన్నంతనే అలజడి.” రెండవ నిలువునకు: “అన్యుల చేతికి చిక్కినను ఆనందమే.”

మొదటిది బాల్యమునకు సంబంధించినది. బడిపిల్లవాని చేతిలో నుండునది పలక. కలప యను మూడక్షరములను వెనుకనుండి చదివిన పలకయే యగును. కొయ్యను కోసిన పలక వచ్చునన్న లోకజ్ఞానమును, అక్షరములను త్రిప్పిన పలక వచ్చునన్న శబ్దజ్ఞానమును ఒక్క వాక్యములో నిలిచినవి. దానితో అడ్డమునకు మొదటి అక్షరము క లభించినది.

చిక్కు ఇచ్చటనే మొదలగును. అలజడి యను మాటకు, క తో ఆరంభించి నాలుగక్షరములు గల పదమనగానే, నూటికి తొంబదిమంది నాలుకపైకి వచ్చునది కలకలం. అందులో మొదటి రెండక్షరములు కల. స్వప్నమన్న మాట సరిపోయినది. అలజడి సరిపోయినది. అక్షరసంఖ్య సరిపోయినది. మిగిలిన కలం, దేవుడు రచయితకిచ్చిన వరప్రసాదమేమో యని సమర్థించుకొనుటకు కూడ వీలున్నది! ఇన్ని విధముల సరిపోయిన తప్పును తప్పని యెవ్వడు అనుమానించును? పెన్సిలును వదలి సిరా కలము పట్టి, దిట్టముగా కలకలం అని వ్రాసివేయును. ఇక రెండవ నిలువు పదమునకు మూడవ అక్షరము క. ఆనందమునకు పులకింత యనుకొందమా? మూడవది కిం, కూర్చుండదు. ఆ కిం ను క గా మార్చజూచును, ఒప్పదు. అన్యులెవ్వరు, చిక్కిన దేది, అందులో ఆనందమేమి యని తలపట్టుకొనును. నిఘంటువు దింపును. ఉన్నవి ఒప్పులనియు, లేనిదే చిక్కనియు భ్రమించి, ఒప్పైనదానిని అనుమానించి, తప్పైనదానిని కాపాడుకొనుచు గంటలు గడుపును. గళ్ళనుడికట్టు పెట్టు యాతనలలో కెల్ల ఇది తీవ్రమైనది: తెలియకపోవుటవలన కలుగు బాధ కాదు, తెలిసినదని నమ్మినదానివలన కలుగు బాధ.

ఇదంతయు నేను కల్పించి చెప్పుట లేదు. మా ఎలవూరు మదరాసునుండి గూడూరు పోవు రైలుదారిలో గుమ్మిడిపూండికి ఆవలి స్టేషను. గుమ్మిడిపూండినుండి సెంట్రలువఱకు పొన్నేరి, మీంజూరు, ఎన్నూరుల మీదుగా పోవు బండ్లలో, ఉదయమున కచేరీలకు పోవువారిలో తెనుగు వారపత్రికను మడిచి ఒడిలో పెట్టుకొని గళ్ళు నింపువారిని నేను చాలమందిని చూచితిని. ఒకనాడు ఇట్టి కలకలమునే పట్టుకొని, పక్కనున్న వారితో దాదాపు వాదమునకు దిగిన బ్యాంకు ఉద్యోగితో, ఎదుటి బల్లమీది పదవీవిరమణ చేసిన తెనుగు పంతులుగారు మెల్లగా, “అయ్యా, కల సరే. దేవుడు ప్రత్యక్షమైతే యిచ్చేదేమిటండీ? మీరు చిన్నప్పుడు కథలు వినలేదా?” అన్నారు. ఆ ఉద్యోగి నోరు తెఱచి, మరల మూసికొని, ఒక్క క్షణము కిటికీ వైపు చూచి, “వరం” అన్నాడు. వెంటనే, “కలవరం! కలవరమండీ!” అని పెట్టె యంతయు వినబడునట్లు అన్నాడు. క్రొత్తగా లభించిన వ అను అక్షరముతో నిలువు పదము తానే తలుపు తీసికొనినది. అన్యులనగా పర, చేతికి చిక్కినది వశం, ఆనందము పరవశం. రెండు పదములును ఒక్క తృటిలో పడినవి. బండి మీంజూరు దాటినది కూడ ఆయనకు తెలియలేదు. పంతులుగారు మాత్రము, “ఇది దండిగారి సమాగతకు చుట్టమే కదండీ!” అని సంతోషముతో తల యూచినారు.

ఆ ముఖముపై నేను చూచిన వెలుగును వివరింప బ్రయత్నింతును. అది జయము చేత కలుగు గర్వము కాదు; ఓడింపబడిన వాడెవ్వడును అచ్చట లేడు. సరియైన సమాధానము దొరికినప్పుడు ఆధారములోని ప్రతి మాటయు లేచి తన పనిని ఒప్పగించును. స్వప్నము కల యైనది, దేవుడిచ్చినది వరమైనది, అలజడి కలవరమైనది. మిగిలినది ‘మేల్కొన్నంతనే’ యను కీలు, అది రెండు భాగములను కలిపినది. ఒక్క మాటయు పనిలేక నిలువలేదు. కలకలములో ‘దేవుడిచ్చినది’ యను మాట కుంటుచుండెను. ఆ కుంటును మనము వినియు విననట్లుంటిమి. ఇప్పుడు వెనుకకు తిరిగి చూచిన, త్రోవ చూపించినవాడు మొదటినుండియు మన యెదుటనే, వెలుతురులోనే నిలుచుండెనని తెలియును. మఱుగుపఱచినది చీకటి కాదు, మన నమ్మకము. ఈ గుర్తింపులో సిగ్గు కొంత కలదు, ఆ సిగ్గును మించిన కృతజ్ఞత కలదు.

ఆ కృతజ్ఞత కూర్పరికి చెందును. కాని అందఱు కూర్పరులును దానికి అర్హులు కారు. కాఠిన్యము రెండు విధములు. శబ్దరత్నాకర నిఘంటువును విప్పి, ఎవ్వరి నోటను పలుకబడని పదమును ఏఱి, దానికి పర్యాయపదము నొక్కదానిని ఆధారముగా పడవేయుట మొదటిది, అది సులభము. అందఱకును తెలిసిన మాటను అందఱి కన్నులయెదుట దాచుట రెండవది, అది విద్య. “ఎటు పొర్లినను పట్టునది చిన్ననిద్రయే” యన్న ఆధారమునకు మూడక్షరముల సమాధానము కునుకు. అటునుండి చదివినను ఇటునుండి చదివినను కునుకే. “ముందునుండి చూచినను వెనుకనుండి చూచినను వేషమే” యనగా నటన. ఇంటిలోని పిల్లలకు తెలియని మాట వీనిలో ఒక్కటియు లేదు. అయినను పెద్దలు నిలువక తప్పదు. ఆఫ్రిట్ అను మాఱుపేరుతో ప్రసిద్ధుడైన రిచీ యను ఆంగ్లేయుడు 1949లో ప్రకటించిన తన గ్రంథమున ఈ న్యాయమును కూర్పరులకు శాసనముగా విధించినాడు: పాఠకుని త్రోవ తప్పింపవచ్చును, కాని వ్రాసిన మాటలు వ్రాసినట్లుగా తీసికొన్న యెడల సమాధానము రావలె. దండి దీనిని నియమముగా చెప్పలేదు గాని చేసి చూపినాడు.

ఈ న్యాయమునకు తెనుగులో కొన్ని ప్రత్యేకమైన గండ్లు పడుచుండును. పదము ము తో ముగియునో, సున్నతో ముగియునో కూర్పరి నిర్ణయించుకొని, పట్టికలో అంతటను ఒక్క పద్ధతినే పాటింపవలెను. కలవరము అయిదు గళ్ళు, కలవరం నాలుగు. ఒక చోట అది, ఒక చోట ఇది యైనచో పూరించువాడు ఏ నేలపై నిలువవలెను? చోటు చాలక దీర్ఘమును హ్రస్వము చేయుట, ళకారమునకు బదులు లకారమును సర్దుట, బహువచనమును ఏకవచనముగా లెక్కించుట, ఇవి యన్నియు కూర్పరి తన శ్రమను తగ్గించుకొని పాఠకుని శ్రమను వ్యర్థము చేయుటలు. అట్టి పట్టికను పూర్తిచేసినవానికి హర్షము కలుగదు. విసుగు మాత్రము మిగులును.

అంతకంటెను పెద్ద అన్యాయము ఒకప్పుడు ధనాశతో జరిగినది. స్వాతంత్ర్యము వచ్చిన తొలియేండ్లలో దేశమంతటను బహుమతుల నుడికట్లు వెల్లువగా ప్రబలినవి. ప్రవేశరుసుము చెల్లించి, ఒక్కొక్కరు పట్టికలను పదులకొలది నింపి పంపువారు. వానిలోని మోసమును తెలిసికొనుటకు ఒక్క మచ్చు చాలును: “ఆపదలో మనుష్యునకు అక్కఱకు వచ్చునది” యని ఆధారమిచ్చి, రెండు గళ్ళలో రెండవదానిని నం అని నింపి, మొదటిదానిని ఖాళీగా విడుతురనుకొందము. ధనం అన్నను ఒప్పే, జనం అన్నను ఒప్పే. ఏది సరియో పాండిత్యము చెప్పజాలదు, తర్కము చెప్పజాలదు. నిర్వాహకుని పెట్టెలో ముద్రవేసి పెట్టిన కాగితమే చెప్పవలె. ఇది జూదము. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల శాసనమును చేసి, నెలకు వేయి రూపాయలకు మించిన బహుమతులను నిషేధించి, ప్రవేశపత్రములను రెండువేలకు పరిమితము చేసినది. అది 1956 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చినది. ఆ వ్యాపారమున పేరుమోసిన చమర్‌బాగ్‌వాలా దీనిని సుప్రీంకోర్టులో ప్రశ్నించెను. 1957 ఏప్రిల్‌లో న్యాయస్థానము శాసనమును నిలబెట్టుచు, అది జూదపు స్వభావము గల పోటీలకే వర్తించుననియు, నైపుణ్యముపై ప్రధానముగా ఆధారపడువానికి వర్తింపదనియు తేల్చినది. గళ్ళనుడికట్టు యోగ్యతను గూర్చి విమర్శకులు చెప్పవలసినదానిని న్యాయమూర్తులు చెప్పుట నాకు మిక్కిలి తృప్తి కలిగించు విషయము. ఒక్క సమాధానమే యుండి, అది ఆధారమునుండియే పుట్టవలె. లేనియెడల అది పాండిత్యపు వేషము వేసికొన్న లాటరీ.

మా సీమలో గళ్ళు నింపువారికి మఱియొక చిక్కు గలదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు మేము ఈవల మదరాసు రాష్ట్రముననే యుంటిమి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకును, సత్యవేడు ప్రాంతము చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రమునకును మాఱినవి. మా రైలుదారిలో ఆరంబాకము దాటిన తడ, తడ ఆంధ్రము. ఇంటిలో తెనుగు, అంగడిలో అరవము, బడిలో ఏది దొరికిన అది. అందుచేత ఆధారము చదివినప్పుడు, మనస్సులో రెండు భాషలు ఒక్కమారే లేచి, నేను ముందనగా నేను ముందని త్రోసికొనును. రెండు భాషలకును చెందిన అవసరం అను మాటను చూచినప్పుడు, ప్రక్కింటి భాషలో అది తొందరయై, మన భాషలో అక్కఱయై, గడిముందు కూర్చున్న వానిని క్షణకాలము తికమక పెట్టును. అయితే ఆ పొరుగుతనమే మఱియొకప్పుడు మాకు దీపము పట్టును. పట్టణమను అర్థమున వీడు, చీకటి యను అర్థమున ఇరులు అను ప్రాచీనపదములను గోదావరి తీరపు పాఠకుడు నిఘంటువులో వెదకుచుండగా, ప్రక్కింటివారు ఇంటిని వీడనియు, చీకటిని ఇరుళనియు అనునిత్యము పలుకుట విన్న మావాడు, పెన్సిలు ఎత్తకయే నింపివేయును. సరిహద్దున నివసించువానికి భాష రెండు కన్నులతో కనబడునని నా విశ్వాసము.

మఱియు ఒక విశేషము గమనింపదగినది. పట్టుదలతో కూర్చున్నంతసేపును రాని పదము, కాగితమును మడిచి లేచి, నీళ్ళు తోడుచుండగనో, పొలము గట్టున నడచుచుండగనో, పిలువని చుట్టమువలె వచ్చి నిలుచును. దీనికి మంత్రమేమియు లేదు. కూర్చున్నంతసేపు మనస్సు ఒక్క తప్పుత్రోవనే మరల మరల త్రొక్కి గట్టిపఱచుకొనుచుండును. లేచినప్పుడు ఆ పట్టు సడలును. సడలిన చోట క్రొత్త త్రోవ మొలచును. కాని కూర్చుండక ముందే లేచినవానికి ఈ అనుగ్రహము లేదు. ఆధారములోని ప్రతి మాటను తూచి, విఱిచి, తిరుగవేసి, అలసినవానికే అది సొంతము. అందుచేతనే సమాధానముల పుటను ముందుగా త్రిప్పిచూచువారిని చూచి నేను నొచ్చుకొందును. వారు పోగొట్టుకొనుచున్నది సమాధానము కాదు, దానికి దారితీయు ఆ అలసట.

చివరకు పత్రికాధిపతులకు నా మనవి యొకటి. వచ్చు వారపు సంచికలో సమాధానముల పట్టికను ఆవగింజలంత అక్షరములలో అచ్చువేసి ఊరకుండుట మీకు అలవాటు. గెలిచినవానికి అది చాలును. ఓడినవానికి కలవరమన్న నాలుగక్షరములు చూపిన ఏమి ప్రయోజనము? కల యెక్కడనుండి వచ్చినది, వరమెక్కడనుండి వచ్చినది, మేల్కొన్నంతనే అన్న మాట చేసిన పని యేమి, అని రెండేసి పంక్తుల వివరణమును పట్టిక ప్రక్కన వేయుడు. అది చూచినవాడు తాను మోసపోయిన చోటును తన కన్నులతో తాను గుర్తించి, కూర్పరి అసత్యమాడలేదని యెఱిగి, ఆ వారపు గళ్ళకు మరల పెన్సిలు చెక్కుకొనును. దీనికి పట్టునది అరపుటకంటె తక్కువ చోటు. ఆ చోటును ఇచ్చినచో, గళ్ళు నింపు పాఠకులు నేటికంటె రెట్టింపగుదురని నేను ధైర్యముగా చెప్పగలను.